బొగ్గు ఎత్తిన తాత, బొగ్గు వెతికిన మనవడు



మన మాధవరం నుంచి ఈశాన్యంగా వెళితే ఎన్నూరు వస్తుంది. అక్కడి రేవులో ఓడల మీద వచ్చిన బొగ్గు దిగుతుంది. ఆ బొగ్గు దగ్గరలోని విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది. రాత్రి మీరు దీపం వేసుకుని చదువుకుంటున్నారంటే, ఆ వెలుగులో కొంత భాగం బొగ్గు మండితే వచ్చినదే.

ఎన్నూరు దగ్గరే కొసస్థలై నది సముద్రంలో కలుస్తుంది. తెలుగువాళ్ళం దీన్ని కుశస్థలి అంటాం. చిత్తూరు వైపు కొండల్లో పుట్టి మన చెన్నైకి ఉత్తరంగా వచ్చే నది ఇది. ఈ నదికి దగ్గరలోని ఒక పల్లెలో 1863లో ఇద్దరు యువకులు వంగి నేల మీది రాళ్ళు ఏరుకున్నారు. వారిలో ఒకరి పేరు విలియం కింగ్. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయనే తెలుగునాట ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని పరిశీలించి, రాతపూర్వకంగా ప్రకటించారు. ఈనాటి సింగరేణి గనులకు అదే మొదలు.

ఈ సంచికలో ఆయన జీవితం, ఆయన కుటుంబం గురించి తెలుసుకుందాం. ఆయన గొప్ప ఇంటి బిడ్డ అనుకోకండి. ఆ ఇంట్లో తాత ఓడలకు బొగ్గు ఎత్తే కూలి. కొడుకు పట్టా లేకుండానే ప్రొఫెసరు. మనవడు ఒక దేశపు భూగర్భ శాఖకు అధిపతి. మూడు తరాల్లో ఇది ఎలా సాధ్యమైందన్నదే మన పాఠం.

1. ఓడరేవులో పుట్టిన పిల్లవాడు

ఇంగ్లండు ఈశాన్య తీరంలో సండర్లాండ్ అనే ఊరుంది. వేర్ అనే నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఎగువన డర్హం ప్రాంతమంతా బొగ్గు గనులే. గనుల నుంచి బొగ్గు చిన్న పడవల్లో నది మీదుగా దిగువకు వచ్చేది. రేవులో కూలీలు పారలు పట్టుకుని ఆ బొగ్గును పెద్ద ఓడల్లోకి ఎత్తిపోసేవారు. లండన్ నగరపు పొయ్యిల్లో ఆ బొగ్గు మండేది.

అలా బొగ్గు ఎత్తే ఒక కూలి ఇంట్లో 1809లో ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డ తల్లి మిఠాయి అంగడి నడిపేది. తండ్రి పేరే బిడ్డకూ పెట్టారు: విలియం కింగ్. ఆ తర్వాత ఆయన కొడుక్కీ అదే పేరు. కాబట్టి ఈ పాఠంలో 1809లో పుట్టిన ఆయనను పెద్ద కింగ్ అనీ, మన బొగ్గు కనుగొన్న ఆయనను చిన్న కింగ్ అనీ అందాం.

పెద్ద కింగ్ విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. కాని ఆయన ఊరే ఆయనకు బడి అయింది. సండర్లాండ్ చుట్టుపక్కల పసుపు రంగు సున్నపురాయి గుట్టలున్నాయి. అవి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నవి. రాయి పగలగొడితే అందులో పాతకాలపు గవ్వలు, సముద్ర జీవుల అచ్చులు కనిపిస్తాయి. పెద్ద కింగ్ వాటిని ఏరి, పోల్చి, పేర్లు రాసి దాచుకున్నారు. ఆ సున్నపురాయి ఏర్పడిన కాలాన్ని పెర్మియన్ యుగం అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ వస్తుంది.

2. పోయిన ఉద్యోగం, వచ్చిన ఉద్యోగం

1840ల మొదట్లో పెద్ద కింగ్‌కు పక్కనే ఉన్న న్యూకాజిల్ నగరపు మ్యూజియంలో సంరక్షకుడి ఉద్యోగం దొరికింది. అప్పటికి చిన్న కింగ్ పసివాడు. రాళ్ళు, శిలాజాలు, చీటీలు అంటించిన డబ్బాల మధ్య ఆ కుటుంబం కొన్నేళ్ళు గడిపింది. అయితే మ్యూజియం పెద్దలకూ ఆయనకూ పొసగలేదు. 1847లో ఆ ఉద్యోగం పోయింది.

భార్యాపిల్లలున్న మనిషికి, చేతిలో పట్టా లేని మనిషికి ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. కాని ఆయన చేతిలో పట్టా లేకపోయినా పని ఉంది. ఏళ్ళ తరబడి రాసుకున్న వివరాలు ఉన్నాయి. 1849లో ఐర్లండులోని గాల్వేలో క్వీన్స్ కాలేజీ కొత్తగా తెరిచారు. అప్పటికి ఐర్లండు ఘోరమైన కరువు నుంచి ఇంకా తేరుకోలేదు. ఆ కాలేజీలో భూగర్భ శాస్త్రానికి మొదటి ప్రొఫెసరుగా పెద్ద కింగ్‌ను తీసుకున్నారు. మరుసటి సంవత్సరం, 1850లో, ఇంగ్లండు పెర్మియన్ శిలాజాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం అచ్చయింది. 1870లో విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆయన పాఠాలు చెబుతూ ఇరవై ఏళ్ళు దాటింది!

పెద్ద కింగ్ గురించి మరో సంగతి. 1860లలో కెనడాలో దొరికిన ఒక చారల రాయిని చూసి పేరున్న శాస్త్రవేత్తలు కొందరు "ఇది ప్రపంచంలోకెల్లా పాతదైన ప్రాణి అవశేషం" అన్నారు. దానికి ఎయోజోవన్ అని పేరు కూడా పెట్టారు. పెద్ద కింగ్, ఆయన సహాధ్యాపకుడు రౌనీ కలిసి దాన్ని పరీక్షించి, "ఇది ప్రాణి కాదు, ఖనిజాల అమరిక మాత్రమే" అన్నారు. ఏళ్ళ తరబడి వాదం నడిచింది. చివరికి వీరి మాటే నిలిచింది. ఎవరు చెప్పారన్నది కాదు, రాయి ఏం చెబుతోందన్నదే ముఖ్యం. ఆ ఇంట్లో పిల్లలు చూసి నేర్చుకున్నది ఇదే.

3. కొడుకు మద్రాసుకు వచ్చాడు

చిన్న కింగ్ తండ్రి పాఠం చెప్పిన కాలేజీలోనే చదివి బి.ఏ. పట్టా పొందారు. 1857లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి మన దేశానికి వచ్చారు.

ఈ శాఖ 1851లో ఏర్పడింది. దాని అసలు పని బొగ్గు వెతకడమే. పొగ ఓడలకు బొగ్గు కావాలి. 1853లో బొంబాయి దగ్గర మొదటి ప్రయాణికుల రైలు నడిచాక రైళ్ళకూ బొగ్గు కావాలి. బెంగాల్లో రాణిగంజ్ గనులుండేవి కాని దక్షిణాదిన గనులు లేవు. మద్రాసుకు బొగ్గు సముద్రం మీదనే రావాలి. కాబట్టి దక్షిణాదిన బొగ్గు దొరుకుతుందా అన్నది ఆనాటి ప్రభుత్వానికి పెద్ద ప్రశ్న.

చిన్న కింగ్‌ను మద్రాసు విభాగంలో వేశారు. తర్వాత ఆయన మద్రాసు విభాగానికి డిప్యూటీ సూపరింటెండెంట్ అయ్యారు. ఆ రోజుల్లో ఆ శాఖ మొత్తానికి అధిపతిని సూపరింటెండెంట్ అనేవారు. డైరెక్టర్ అనే పేరు తర్వాత వచ్చింది. పేరు పెద్దదే కాని పని కాలినడకది. ఎండలు ముదిరేవరకు డేరాల్లో ఉండి కొండలు, వాగులు తిరగడం, రాయి పగలగొట్టి చూడటం, పొర ఎటు వాలిందో కొలవడం, పటం గీయడం. వానాకాలంలో కూర్చుని నివేదిక రాయడం.

4. ఒకే ఏడాదిలో తండ్రి, కొడుకు

చిన్న కింగ్‌తో పాటు మద్రాసు విభాగంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే మరో యువకుడు పనిచేసేవారు. 1863 మే 30న ఫుట్‌కు పల్లావరంలో మనిషి చెక్కిన రాతి పనిముట్టు ఒకటి దొరికింది. నాలుగు నెలల తర్వాత, సెప్టెంబరు 28న, ఫుట్, కింగ్ ఇద్దరూ కలిసి అత్తిరంపాక్కం వెళ్ళారు. తిరువళ్ళూరు జిల్లాలో, చెన్నైకి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ పల్లె. అక్కడ ఒక వాగులో వారికి చాలా రాతి గొడ్డళ్ళు దొరికాయి. భారతదేశంలో పాతరాతియుగం మనిషి ఉన్నాడని లోకానికి తెలిసింది ఈ రెండు చోట్ల వల్లనే.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అంతకుముందు కొన్ని వారాల క్రితమే పెద్ద కింగ్ కూడా పురాతన మానవుడి గురించే మాట్లాడుతున్నారు. తన ఉద్యోగం పోయిన అదే న్యూకాజిల్ నగరంలో జరిగిన శాస్త్ర సభలో ఆయన, జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన పుర్రె మన జాతి మనిషిది కాదు, వేరొక జాతిది అని వాదించారు. హోమో నియాండర్తలెన్సిస్ అనే పేరు పెట్టింది ఆయనే. ఆ వ్యాసం 1864లో అచ్చయింది. మనిషి జాతుల్లో అంతరించిపోయిన ఒకదానికి శాస్త్రీయంగా పేరు పెట్టడం అదే మొదటిసారి. పేరు పెట్టేందుకు ఆయన చూపిన కారణాలన్నిటినీ ఈనాటి శాస్త్రం ఒప్పుకోదు. పేరు మాత్రం నిలిచింది.

అత్తిరంపాక్కం కథ కూడా అక్కడితో ఆగలేదు. మన కాలంలో భారతీయ పరిశోధకులు అక్కడ మళ్ళీ తవ్వారు. అక్కడి అతి పాత పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించారు. మనకు ఇంత దగ్గరలో ఉన్న ఊరు ప్రపంచ చరిత్ర పుస్తకాలలోకి ఎక్కింది. ఆ పనిముట్లు ఒకటి రెండు ఎలా ఉంటాయో చూడాలంటే ఎగ్మూరు మ్యూజియంకు పిల్లలను తీసుకువెళ్ళండి.

5. రాళ్ళకు తెలుగు ఊళ్ళ పేర్లు

చిన్న కింగ్ తర్వాత కడప, కర్నూలు ప్రాంతాలు తిరిగారు. అక్కడి రాతి పొరలను వరుసగా అమర్చి 1872లో పెద్ద గ్రంథం వెలువరించారు. ఆయన ఆ పొరలకు పెట్టిన పేర్లు చూడండి: పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. అన్నీ మన నదులు, మన కొండలు, మన ఊళ్ళు. గోదావరి లోయలోని పొరలకు పాకాల చెరువు పేరు మీద పాకాల అని పెట్టారు. ఈ పేర్లలో చాలా భాగం నేటికీ భూగర్భ శాస్త్ర విద్యార్థులు చదువుతున్నారు.

గోదావరి లోయ మీద ఆయన గ్రంథం 1881లో వచ్చింది. అందులో కోట అనే ఊరి పొరల ప్రస్తావన ఉంది. ఆ కోట పొరల్లోనే తర్వాతి కాలంలో ఆదిలాబాదు వైపు యామన్‌పల్లి దగ్గర ఒక రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. దాని పేరు కోటాసారస్. హైదరాబాదు బిర్లా మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టి ఉంది.

6. ఇల్లందు దగ్గర నల్లరాయి

ఇప్పుడు అసలు కథకు వద్దాం. సింగరేణి ప్రాంతంలో పెద్దలు చెప్పుకునే కథ ఒకటుంది. 1870లో భద్రాచలం రాములవారి దర్శనానికి వెళుతున్న యాత్రికులు దారిలో వంట కోసం ఆగారు. అక్కడున్న నల్లరాళ్ళు మూడు తెచ్చి పొయ్యి పెట్టారు. కట్టెలతో పాటు రాళ్ళూ అంటుకున్నాయి! ఆ వార్త ఆ నోటా ఈ నోటా పాకి అధికారుల దాకా వెళ్ళింది.

ఇది జనం నోట నిలిచిన కథ. కాగితం మీద నిలిచింది వేరు. 1871లో చిన్న కింగ్ నిజాం రాజ్యపు ఆగ్నేయ మూలకు వెళ్ళి, ఇల్లందు దగ్గర బొగ్గు పొరలను స్వయంగా చూసి, 1872లో భూగర్భ శాఖ పత్రికలో కొత్త బొగ్గు క్షేత్రం గురించి వ్యాసం రాశారు. దగ్గరలోని సింగరేణి అనే పల్లె పేరు ఆ బొగ్గుకు వచ్చింది. ఆ పల్లె ఇప్పటికీ ఖమ్మం జిల్లాలో కారేపల్లి దగ్గర ఉంది. ఇల్లందును స్థానికులు కొందరు బొగ్గుట్ట అని కూడా అంటారు.

రెండు కథలూ అవసరమే. నల్లరాయి మండుతుందని మొదట చూసినవాళ్ళు పేరు లేని సామాన్యులు. అక్కడి అడవుల్లో ఉండే కోయలకు ప్రతి వాగూ ప్రతి రాయీ తెలుసు. వారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. చూసింది ఎవరైనా, రాసినవారి పేరే నిలుస్తుంది. చదువు, రాత ఎందుకు కావాలో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

7. భూమిలోని బొగ్గు ఎలా తెలుస్తుంది?

బొగ్గు ఒకప్పటి అడవి. చిత్తడి నేలల్లో చెట్లు పడి, మట్టి కింద కప్పబడి, కోట్ల ఏళ్ళు వేడికీ ఒత్తిడికీ లోనై బొగ్గు అవుతుంది. ఇంగ్లండు బొగ్గు కార్బోనిఫెరస్ యుగానిది. సింగరేణి బొగ్గు దానికన్నా చిన్నది, పెర్మియన్ యుగానిది. అంటే సుమారు 28 కోట్ల ఏళ్ళ నాటిది. తండ్రి సండర్లాండ్ గుట్టల్లో ఏ యుగపు గవ్వలు ఏరారో, కొడుకు ఇల్లందులో ఆ యుగపు బొగ్గునే కనుగొన్నారు. ఒకటి సముద్రం అడుగున పేరుకున్నది, మరొకటి నేల మీది అడవి.

కింగ్ అదృష్టం మీద ఆధారపడలేదు. తూర్పు భారతపు గనుల్లో పొరల వరుస ఎలా ఉంటుందో అప్పటికే శాఖవారికి తెలుసు. అడుగున పాత గట్టిరాయి. దాని మీద తాల్చేరు పొర, ఇందులో మంచు నదులు మోసుకొచ్చిన గుండ్రాళ్ళుంటాయి. దాని మీద బరాకర్ పొర, బొగ్గు ఉండేది ఇందులో. ఆ పైన కాంఠీ ఇసుకరాయి. గోదావరి లోయలో తాల్చేరు, కాంఠీ రెండూ కనబడితే, మధ్యలో బరాకర్ ఎక్కడో బయటపడాలి. దాన్ని వెతకాలి.

పొర ఒకచోట కనబడ్డాక అది ఎంత లోతుకు వెళుతుందో లెక్క వేయాలి. ఇది మీ పదో తరగతి లెక్కే. పొర 10 డిగ్రీల వాలుతో దిగుతోందనుకోండి. బయటపడిన చోటు నుంచి వాలు దిశలో 500 మీటర్లు నడిస్తే, కాళ్ళ కింద ఆ పొర ఎంత లోతున ఉంటుంది? 500ని టాన్ 10తో గుణించండి. టాన్ 10 విలువ 0.176. జవాబు 88 మీటర్లు. అక్కడ బోరు వేసి చూస్తే లెక్క సరిపోయిందో లేదో తెలుస్తుంది. త్రికోణమితి ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు ఇదొక జవాబు.

8. గని ఎవరిది? లాభం ఎవరికి?

బొగ్గు కనుగొన్న వెంటనే తవ్వలేదు. రైలు లేకుండా బొగ్గుకు విలువ లేదు. 1886లో లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి నిజాం ప్రభుత్వం గనుల హక్కు ఇచ్చింది. ఆ ఒప్పందంలో కంపెనీ వాటాల్లో చాలా భాగం దాన్ని కుదిర్చినవారే తమ పేర రాసుకున్నారు. ఆ గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళి 1888లో ఒక విచారణ సంఘం కూర్చుంది. తవ్వకముందే డబ్బు చేసుకున్నవారు ఉన్నారన్నమాట. కొండలు తిరిగి బొగ్గు చూపిన కింగ్ జీతగాడు మాత్రమే.

1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. అదే ఏడు హైదరాబాదు నుంచి బెజవాడకు రైలు మార్గం పూర్తయింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం వాటాలు కొని దాన్ని తన చేతిలోకి తీసుకుంది. నేడు తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఇల్లందు నుంచి కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి దాకా గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవునా బొగ్గు ఉంది. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు.

ఇల్లందు, కొత్తగూడెం గనుల్లో ఒక పొరను కింగ్ సీమ్ అంటారు. కింగ్ అంటే రాజు అనుకునేరు, కాదు. అది మన చిన్న కింగ్ ఇంటిపేరు. ఆ పేరుకు జతగా మరో పొరను క్వీన్ సీమ్ అన్నారు. తట్ట, పార పట్టి బొగ్గుబాయిలోకి దిగిన వేలాది కార్మికులు ఆ పేరును నోటితో పలికారు. పొర పేరు మిగిలింది. పొరను తవ్విన మొదటి తరాల పేర్లు మాత్రం వారి వారి ఇళ్ళల్లోనే మిగిలాయి. మీ బంధువుల్లో ఎవరైనా అటువైపు గనుల్లో పనిచేసి ఉంటే, వారి పేరు, ఊరు, పనిచేసిన బాయి నంబరు అడిగి రాసిపెట్టండి.

పెద్ద కింగ్ 1886లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరమే చిన్న కింగ్ భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు డైరెక్టర్ అయ్యారు. 1894లో పదవీ విరమణ చేశారు. 1900లో కాలం చేశారు. సండర్లాండ్ రేవులో పార పట్టిన తాతకు, కలకత్తాలో శాఖాధిపతి కుర్చీలో కూర్చున్న మనవడికి మధ్య ఉన్నది ఒక్క తరమే.

9. నేటి విద్యార్థికి దారులు

ప్లస్ టూ అవగానే మన ఇళ్ళల్లో వినిపించేవి రెండు మూడు కోర్సుల పేర్లే. భూమిని చదివే చదువులు కూడా ఉన్నాయని తెలుసుకోండి.

భూగర్భ శాస్త్రం: ప్లస్ టూలో సైన్సు తీసుకున్నవారు బి.ఎస్సీ. జియాలజీ చేయవచ్చు. మన చెన్నైలోనే ప్రెసిడెన్సీ కాలేజీలో ఈ శాఖ ఉంది. ఎం.ఎస్సీ. తర్వాత, చిన్న కింగ్ పనిచేసిన అదే భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరడానికి యూపీఎస్సీ ప్రత్యేక పరీక్ష నిర్వహిస్తుంది. బొగ్గే కాదు, భూగర్భ జలాలు, కొండచరియలు, ఖనిజాలు అన్నీ ఈ చదువు కిందకే వస్తాయి.

గనుల ఇంజనీరింగు: గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఈ కోర్సు ఉంది. ధన్‌బాద్‌లో 1926లో మొదలైన గనుల విద్యాసంస్థ నేడు ఐఐటీ. గనికి మేనేజరు కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. కొన్నేళ్ళు గనిలో పనిచేసి, గనుల భద్రతా శాఖ పరీక్షలో నెగ్గి సర్టిఫికెట్ పొందాలి. వందలమంది ప్రాణాలు ఆయన సంతకం మీద ఆధారపడతాయి కనుక ఈ నియమం.

ఆడపిల్లలకు ఒక మాట. భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయకూడదని మన దేశంలో చాలాకాలం చట్టం ఉండేది. 2019లో సడలింపు వచ్చింది. దానితో సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో పగటివేళ స్త్రీలు కూడా గనిలోకి దిగే వీలు కలిగింది.

బొగ్గు మంచిచెడ్డలు కూడా తెలుసుకోవాలి. బొగ్గు మండితే గాలి వేడెక్కుతుంది. మిగిలిన బూడిద ఎన్నూరు ముఖద్వారంలో చేరి అక్కడి చేపలవారి బతుకుకు నష్టం చేసింది. ఒకప్పుడు బొగ్గు ఎక్కడుందని అడిగినవాడు మేధావి. రేపు బొగ్గు లేకుండా ఎలా అని జవాబు చెప్పేవారు మీలో నుంచే రావాలి. దానికీ ఈ చదువే పునాది.

10. తల్లిదండ్రులకు

బరువులు మోసే పనిలో ఉన్న తల్లిదండ్రులారా, బొగ్గు ఎత్తిన ఆ తాత తన కొడుక్కి ఆస్తి ఇవ్వలేదు. కాని రాళ్ళు ఏరుకుంటున్న కొడుకును ఆ పని మానిపించి పార చేతికివ్వలేదు. మిఠాయి అంగడి నడిపిన ఆ తల్లి సంపాదన కూడా ఆ ఇంటికి ఆసరా అయింది. మీ అబ్బాయో అమ్మాయో పనికిరాదనిపించే దాన్ని ఏరి దాచుకుంటుంటే, పురుగులనో ఆకులనో పాత నాణేలనో చూస్తూ కూర్చుంటే, వెంటనే కోప్పడకండి. ఏం చూస్తున్నావని ఒకసారి అడగండి.

పిల్లలూ, మీరూ ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద కింగ్ ఉద్యోగం పోయినప్పుడు ఆయనను నిలబెట్టింది సిఫారసు కాదు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఎవరూ అడగకుండానే రాసిపెట్టుకున్న పుస్తకాలు. స్కాలర్‌షిప్పు ఒక సంవత్సరం ఫీజు కడుతుంది. రోజూ రాసుకునే అలవాటు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

పదాలు – అర్థాలు

శిలాజం: రాయిలో నిలిచిపోయిన పాతకాలపు ప్రాణి లేక మొక్క అచ్చు.
పొర, సీమ్: భూమిలో పరుపులా పరచుకున్న బొగ్గు వరుస.
వాలు: నేలమట్టానికి పొర ఎంత కోణంలో దిగుతుందో చెప్పే కొలత.
బరాకర్: గోదావరి లోయలో బొగ్గు ఉండే రాతి పొర పేరు.

ప్రశ్నలు

1. పెద్ద కింగ్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేకున్నా ప్రొఫెసరు పదవి ఎందుకు దొరికింది?
2. 1863 సంవత్సరంలో తండ్రి, కొడుకు ఇద్దరూ ఏ విషయం మీద పనిచేశారు? ఎక్కడెక్కడ?
3. 1871లో బొగ్గు కనుగొన్నా 1889 దాకా తవ్వకం ఎందుకు మొదలు కాలేదు? రెండు కారణాలు చెప్పండి.
4. పొర వాలు 10 డిగ్రీలైతే, బయటపడిన చోటు నుంచి 300 మీటర్ల దూరంలో అది ఎంత లోతున ఉంటుంది?
5. జనం చెప్పుకునే కథకూ కాగితం మీది ఆధారానికీ తేడా ఏమిటి? మీ ఊరి కథ ఒకటి తీసుకుని రాయండి.

ఇంటిపని: మీ తాత, నానమ్మ, అమ్మమ్మలలో ఒకరిని కూర్చోబెట్టి వారు చేసిన మొదటి పని ఏమిటి, మొదటి కూలి ఎంత, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో అని అడిగి ఒక పేజీలో రాయండి. తేదీ వేసి దాచుకోండి.